ఉప్పాడ మీద ఎగిరే పళ్ళేలు

ఉదయం తొమ్మిది గంటలవేళ పక్కవాటా సత్యవాణమ్మ వరండాలో కుర్చీ వేసుకుని, నుదుటికి రసపట్టీ కట్టుకుని, కాకరకాయ వేపుడుతో అన్నం తింటోంది. డాక్టరు రోజూ తినమన్నాడు. ఆవిడకు చిన్నప్పటినుంచీ కాకరకాయ గిట్టదు. అయితే పట్టీలో ఉన్నది ఆవిడ ఇష్టాయిష్టాలు కావు. పన్నెండేళ్ల కిందట ఒకరోజు పక్కనే ఉండే వకుళ అదే వేపుడును ఎంత ఇష్టంగా తిన్నదో, ఆ ఇష్టం. ముద్ద నోట్లో పడగానే సత్యవాణమ్మ కళ్లు అరమూతలు పడుతున్నాయి.

“ఎంత రుచిగా తిన్నావమ్మా ఆ రోజు,” అంది పిట్టగోడ మీదుగా.

వకుళ చిన్నగా నవ్వి లోపలికి వచ్చేసింది. ఆ రోజు తను తిన్న రుచి ఎలా ఉండేదో ఆమెకే గుర్తు లేదు.

కాకినాడలో అప్పటికి రసపట్టీ లేని ఇల్లు లేదు. యంత్రాలే సినిమాలు అల్లడం మొదలుపెట్టాక రోజుకు వెయ్యి బొమ్మలు కళ్లముందు కదిలి, చూసీ చూసీ జనానికి ఏదీ గుండెకు తగలకుండా పోయింది. యుద్ధం చూసినా ఆవులింతే, పెళ్లి చూసినా ఆవులింతే. ఆ రోజుల్లో రసగ్రాహి వచ్చింది. ఒక మనిషి నిజంగా భయపడితే, నిజంగా నవ్వితే, ఆ మనిషి నాడినీ, కడుపులో కదలికనూ, మెడ మీద లేచిన రోమాలనూ ఆ యంత్రం పట్టుకునేది. పట్టీ కట్టుకున్న ఎవరికైనా ఆ అనుభూతి ఉన్నదున్నట్టు ఎక్కేది. సినిమాహాళ్లతో మొదలైంది గాని అక్కడితో ఆగలేదు. బడిపిల్లలకు లెక్కల మీద ఆసక్తీ, ఆపరేషనుకు వెళ్లే రోగికి ధైర్యమూ, విసుగెత్తిన పెళ్లివారికి సంతోషమూ పట్టీలోంచే వచ్చాయి. అనుభవించి ఇచ్చేవాళ్లను రసదాతలన్నారు. పేరున్న రసదాతలు రాష్ట్రం మొత్తం మీద పదిమంది ఉంటే, భయానికీ కన్నీటికీ వకుళను మించినవాళ్లు లేరనేవారు.

ఆ పేరు ఊరికే రాలేదు. అనుభూతి ఇవ్వడానికి రసశాలకు వెళ్లే మనిషి మనసు తుడిచిన పలకలా ఉండాలి. ముందురోజు కోపం ఏమాత్రం మిగిలినా, ఇచ్చే భయంలో ఆ కోపం వాసన వస్తుంది. అందుకని ఇరవై ఆరేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ గొంతు పెంచి మాట్లాడలేదు. ఎవరూ అంటే వకుళా, ఆమె భర్త భీమశంకరమూ, అంతే, పిల్లలు లేరు. తలుపులు కిర్రుమనకుండా ఆయన బందులకు నూనె వేసేవాడు. గిన్నెలు కడిగితే చప్పుడు కాకుండా గుడ్డ మీద బోర్లించేవాడు.

అటువంటి ఇంట్లో ఆ ఉదయం అటక మీద సామాను దొర్లిన చప్పుడైంది. భీమశంకరం నిచ్చెన దిగి వచ్చాడు. చేతిలో ఇత్తడి సిబ్బి ఉంది. పూర్వం గంజి వార్చేటప్పుడు గిన్నె మీద బోర్లించే చిల్లుల పళ్ళెం అది.

“మీ అమ్మగారిది. మొన్న అడిగితే ఊఁ అన్నావు,” అన్నాడు.

అడిగినట్టు వకుళకు జ్ఞాపకం లేదు. ఆయన సిబ్బిని వెలుతురుకు ఎదురుగా పట్టి, రెండు సిబ్బిలు అంచుకు అంచు కలిపి లోపల దీపం పెడితే ఈ చిల్లులన్నీ ఓడ కిటికీల్లా వెలుగుతాయని చెప్పాడు. చెబుతూ చెబుతూనే చెప్పులు వేసుకున్నాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడని, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడని వకుళ ఆయన వెళ్లిపోయాక గమనించింది. జిగురూ సున్నమూ పూసుకునే పనికి ఇస్త్రీ చొక్కా ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. అర్థం కానట్టే కాసేపు కూర్చుంది.

పెళ్లినాటికి భీమశంకరం సినిమాలకు నమూనాలు చేసే మేస్త్రీ. బల్ల మీద పట్టేంత ఊరిని కట్టి, దాన్ని వరదలో ముంచి, కెమెరాలో నిజమైన వరదలా చూపించగలిగిన చెయ్యి ఆయనది. యంత్రచిత్రాలు వచ్చిన రెండేళ్లలో ఆ చేతికి పని పోయింది. ఆ తర్వాత ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేశాడు. విసుక్కున్నట్టు ఎప్పుడూ కనిపించలేదు. ఉత్సాహపడినట్టూ కనిపించలేదు.

సినిమాలు తీసే సువర్చల వాళ్లింటికి వచ్చింది అంతకుముందు, ఉగాది వెళ్లాక. నలభై ఎనిమిదేళ్ల మనిషి, భర్త పోయి ఆరేళ్లయింది. అంతవరకూ రేవు మీదా, వలల మీదా చిన్నచిన్న చిత్రాలు తీసింది. ఆవిడకు ఒకటే పిచ్చి. వందేళ్లనాటి నలుపు తెలుపు సినిమాలు, అందులోనూ వేరే గ్రహాలవాళ్లు భూమి మీదికి దండెత్తి వచ్చేవి. ఆ సినిమాల్లో ఎగిరే పళ్ళెం తీగకు వేలాడుతూ వణుకుతూ వస్తుంది. రబ్బరు తొడుగులోని గ్రహాంతరవాసి వెనక్కి తిరిగితే వీపు మీద జిప్పు కనిపిస్తుంది. తెల్లకోటు శాస్త్రవేత్త నల్లబల్ల మీద లెక్క కట్టి మనకు మూడు రోజులే గడువంటాడు. ఒక అమ్మాయి చెంపకు చెయ్యి ఆనించి కెవ్వుమంటుంది. అంత సైన్యమూ చివరికి ఎవరూ లెక్కచేయని చిన్న వస్తువుకు కూలిపోతుంది.

అటువంటిది ఒకటి తను మళ్లీ తీస్తానని సువర్చల వాళ్లింటి హాల్లో కూర్చుని చెప్పింది. వెక్కిరించడానికి కాదట. ఆ అట్టముక్కలనూ తీగలనూ నమ్మినవాళ్లు ఉండేవారే, వాళ్ల మీద ప్రేమకొద్దీ తీస్తుందట. కథ కూడా చెప్పింది. ధూమ్రగ్రహం నుంచి పళ్ళేలు ఉప్పాడ తీరం మీదికి వస్తాయి. ఫిరంగులు పనిచేయవు. ఊరి బడిలో సైన్సు మేష్టారు ఒకాయన, మన ఉప్పుగాలికి ఏ ఇనుమైనా తుప్పు పట్టి తీరుతుంది, మూడు రోజులు ఓర్చుకోండి చాలునంటాడు. మూడోనాటి పొద్దుటికి పళ్ళేలు తుప్పు రేకులై అలల్లో రాలిపోతాయి.

భీమశంకరం చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నాడు. అన్నీ విని, పళ్ళెం వణకాలంటే తీగ ఒకటి కాదు, మూడుండాలండి, అన్నాడు. సువర్చల సంచిలోంచి పుస్తకం తీసి ఆ మాట రాసుకుంది. వకుళ గమనించింది. ఆయన మాట ఒకటి ఎవరైనా రాసుకోవడం ఆమె చూడటం అదే మొదలు.

రెండు నెలలు గడిచాయి. ఒకనాడు ఆయన క్యారేజీ మరిచిపోతే వకుళ తనే పట్టుకుని బయల్దేరింది. రేవు దగ్గర పాడుబడ్డ ఉప్పు గోదాములో వాళ్ల పని జరుగుతోంది. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల ఇసుకపోసిన పెద్ద బల్ల మీద ఉప్పాడ ఊరంతా ఉంది. పెంకుటిళ్లూ, కొబ్బరిచెట్లూ, గుండుసూది తలంత దీపాలూ. పైన దూలానికి మూడు తీగల మీద వెలిగిపోతున్న పళ్ళెం. దాని కింద నేల మీద భీమశంకరమూ సువర్చలా పక్కపక్కన వెల్లకిలా పడుకుని ఉన్నారు. ఇద్దరి మధ్యా మూరెడు జాగా ఉంది. తీగ కనిపిస్తోందా లేదా అని చూస్తున్నారు. కనిపిస్తోందని ఆయనా, కనిపించాలి కదా అని ఆవిడా. కనిపించాలా, వద్దా అని వాదులాడుకుంటున్నారు. ఆయన గొంతు గట్టిగా ఉంది.

“మీకేం తెలుసండి, మీరు ఊరుకోండి,” అన్నాడు భీమశంకరం. ఆ మాట అని పకపకా నవ్వాడు.

ఇరవై ఆరేళ్లలో ఆయన వకుళను ఒక్కనాడు కూడా ఊరుకోమనలేదు.

ఆమె క్యారేజీ గుమ్మం పక్కన పెట్టి, పిలవకుండా వచ్చేసింది. దారిపొడుగునా మంట. ఏం చూశానని ఇంత మంట, అని తనకు తాను చెప్పుకుంది. పడుకుని పని చూసుకుంటున్నారు, అంతే కదా. కాని వాళ్ల మధ్య ఉన్న ఆ మూరెడు జాగా కంటే, తనకూ ఆయనకూ మధ్య రోజూ ఉండే నిశ్శబ్దం చాలా పెద్దది. వచ్చి స్నానం చేసింది. పోలేదు. మర్నాడు విజయనగరంవాళ్ల సినిమాకు కన్నీళ్లు ఇవ్వవలసి ఉంది. ఒంట్లో బాగాలేదని కబురు పెట్టింది. అలా కబురు పెట్టడం కూడా అదే మొదలు.

అప్పటినుంచి ఆమె లెక్కలు మొదలయ్యాయి. ఆయన రోజుకు ఎన్నిసార్లు సువర్చలగారు అన్నాడు, ఎన్నిసార్లు గారు లేకుండా అన్నాడు. అన్నం తింటూ దేన్ని తలుచుకుని మూతి బిగించి నవ్వాపుకున్నాడు. సువర్చల చీరకు అంటిన వెండిరంగూ, ఆయన చొక్కాకు అంటిన వెండిరంగూ ఒకే డబ్బాలోదా. ఏదీ నోరు తెరిచి అడగలేదు. అడగడం ఆ ఇంట్లో అలవాటు లేదు.

సినిమా పూర్తయ్యాక, భయం మీరే ఇవ్వాలని సువర్చల వచ్చి వకుళను అడిగింది. యంత్రచిత్రాలు మరిగిన జనం తీగకు వేలాడే సిబ్బిని చూసి నిజంగా వణకాలంటే, వకుళ వణకవలసిందే. వకుళ కాదనాలనుకుంది. కాదంటే ఎందుకని అడుగుతారు. అదీ కాక భీమశంకరం ఆమె వైపు చూస్తున్నాడు. ఆ చూపులో, పరీక్ష రాసి మార్కులకోసం చూసే మనిషి ఆశ ఉంది. సరేనంది.

రసశాల యంత్రం ఇమ్మానుయేలు చేతిలో ఉంటుంది. పదిహేనేళ్లుగా అతనే ఆమె నుదుటికీ మణికట్లకూ తీగలు అతికేవాడు. చీకటిగదిలో ఆమెను కూర్చోబెట్టి బొమ్మ వేశాడు.

మొదటి పేరు పడగానే మొదలైంది. నమూనాలు: భీమశంకరం, సువర్చల. రెండు పేర్లూ ఒకే వరసలో, మధ్యలో చుక్కంత జాగాతో. తర్వాత ఆకాశంలో పళ్ళెం వచ్చింది. అది వణికిన ప్రతిసారీ, ఆ తీగను లాగిన చెయ్యి ఎవరిది, వదిలిన చెయ్యి ఎవరిది అని వకుళ చూసింది. సినిమా మధ్యలో ఒకచోట ధూమ్రగ్రహం సేనాని సంధ్యవేళ ఉప్పాడ మీద ఆగి, గుండ్రటి కిటికీలోంచి కిందికి చూస్తాడు. దీపాలు పెట్టిన ఇళ్లు. వాకిట్లో ఆకులు వేసుకుని కూర్చున్న కుటుంబాలు. మొదట ఏ ఇల్లు తగలబెట్టాలా అని అతను చూస్తున్నాడు. ప్రేక్షకుడు అక్కడ బిగుసుకుపోవాలి. వకుళ బిగుసుకోలేదు. చీకట్లో ఒంటరిగా నిలబడి వెలిగే ఇళ్లను చూస్తున్న ఆ రబ్బరు ముఖాన్ని చూడగానే, గోదాము గుమ్మంలో క్యారేజీ పట్టుకుని నిలబడిన తనే కనిపించింది. లోపల ఉన్నదంతా కట్ట తెగినట్టు వచ్చింది. సినిమా అయ్యేదాకా ఆగలేదు. చివరి అరగంటలో, ఇదంతా పాడైపోవాలన్న కోరిక కూడా అందులో కలిసింది.

ఇమ్మానుయేలు తీగలు తీస్తూ, యంత్రం మీద ఇంత పెద్ద రాత తన సర్వీసులో చూడలేదన్నాడు. రసగ్రాహికి ఎనిమిది పేర్లు నేర్పారు. భయం, నవ్వు, దుఃఖం, ఇంకా అటువంటివి, కొనేవాళ్లున్నవి. అసూయను కొనేవాడెవరు? అందుకని దానికి పేరు పెట్టలేదు. పేరు లేని రసం వస్తే యంత్రం దగ్గరగా ఉన్న పేరేదో వేస్తుంది. గుండె వేగం చూసి, భయం, శ్రేష్ఠం అని వేసింది.

“భయమేనా అమ్మగారూ? నాకెందుకో కొంచెం తేడాగా ఉంది,” అన్నాడతను.

“భయమే,” అంది వకుళ.

విడుదలకు నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజుల్లో ఏ రోజైనా ఆమె రసశాలకు వెళ్లి, అది తప్పు, మళ్లీ ఇస్తానని చెప్పవచ్చు. రెండుసార్లు చీర మార్చుకుంది. రెండుసార్లూ వీధి గుమ్మం దాటలేదు. సినిమా పోవాలని ఆమె కోరుకుంది. జనం మధ్యలో లేచి పోవాలి, సువర్చల తల దించుకోవాలి, ఆ గోదాముకు తాళం పడాలి. దాంతోపాటు భీమశంకరం ముఖంలో వెలుగు కూడా పోతుందని తెలుసు. తెలిసే ఊరుకుంది. అది ఆమె తన గురించి తెలుసుకున్న కొత్త సంగతి. తెలిసి సిగ్గుపడింది. సిగ్గుపడి కూడా ఊరుకుంది.

శుక్రవారం ఉదయం ఆట. సినిమా రోడ్డులో మిగిలిన ఒకే ఒక పాత హాలు నిండింది. రసదాత తన పట్టీని తను కట్టుకోకూడదు, ఇచ్చింది తిరిగి తగిలితే కళ్లు తిరుగుతాయి. కనుక వకుళ తెర వైపు కాక జనం ముఖాల వైపు చూస్తూ కూర్చుంది. పళ్ళెం వచ్చినప్పుడు ఎవరూ కెవ్వుమనలేదు. అయోమయంగా ఒకరినొకరు చూసుకున్నారు. వకుళ తలుపు వైపు చూసింది. ఇక లేస్తారనుకుంది.

లేవలేదు. సేనాని కిటికీలోంచి దీపాలు చూసే చోట హాలంతా ఒక్కసారి ముందుకు వంగింది. ఒక ముసలాయన పంచె అంచు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వాళ్లకు అర్థమైంది. ఈ ధూమ్రగ్రహంవాళ్లు భూమిని దోచుకోవడానికి రాలేదు. ఇన్ని వెలిగే ఇళ్లు చూసి ఓర్వలేక వచ్చారు. ఒక్క ఆకు ముందు కూర్చునే అదృష్టం తమకు లేక తగలబెడుతున్నారు. పళ్ళేలు తుప్పు పట్టి అలల్లో రాలుతుంటే, గెలిచిన ఉప్పాడవాళ్లతోపాటు ఓడినవాళ్లకోసం కూడా జనం ఏడ్చారు. వందేళ్లుగా ఎన్ని దండయాత్రలు తీశారో గాని, వచ్చినవాళ్ల కడుపుమంట ఇంతవరకూ ఎవరూ తీయలేదని పత్రికలు రాశాయి. రాజమండ్రి, విశాఖ, బెజవాడ, ఎక్కడ వేస్తే అక్కడ నిండింది. ఆట వదిలాక జనం గుంపులుగా కబుర్లు చెప్పుకోకుండా గబగబా ఇళ్లకు పోతున్నారని, పోయి ఇంట్లోవాళ్లను మొహమాటంగా పలకరిస్తున్నారని చెప్పుకున్నారు.

రెండో వారంలో సువర్చల వకుళ దగ్గరికి ఒంటరిగా వచ్చింది. కూర్చోలేదు. పట్టీ కట్టుకుని తన సినిమా తను చూశానంది.

“నేను రాసింది భయమండి. మీరిచ్చింది అది కాదు. మా ఆయన ఉన్న రోజుల్లో నేనూ పడ్డాను, నాకు తెలుసు,” అంది. “ఆయన నాతో మాట్లాడేది తీగల గురించేనండి. నేను కూడా ఇంకేం ఆశపడలేదనను. ఆశపడ్డా, అక్కడ చోటు లేదు,” అంది.

వకుళ మంచినీళ్లు ఇచ్చింది. సువర్చల తాగి, గ్లాసు తనే లోపల పెట్టి వెళ్లిపోయింది. ఆ మాటతో మంట చల్లారవలసింది. చల్లారలేదు. ఆశపడ్డానని ఒక మనిషి ఒప్పుకుంటే ఎక్కడ చల్లారుతుంది?

పైగా భీమశంకరం రోజూ సినిమాకు పోతున్నాడు. మధ్యాహ్నం భోజనం చేసి, రెండున్నర ఆటకు. మొదటి వారం తన పని తను చూసుకుని మురుస్తున్నాడనుకుంది. పదో రోజు కూడా పోయాడు. పద్నాలుగో రోజు కూడా. ఎక్కడికని అడిగితే సినిమాకే అనేవాడు, దాచేవాడు కాదు. ఎవరితో అని వకుళ అడగలేదు. పక్క సీట్లో వెండిరంగు అంటిన చీర ఆమెకు కనిపిస్తూనే ఉంది.

పదిహేనో రోజున ఆయన వెళ్లిన పది నిమిషాల తర్వాత ఆమె బయల్దేరింది. హాలు అప్పటికి సగమే నిండుతోంది. చీకటి అలవాటు పడ్డాక వెతికింది. ఎడమవైపు చివరి వరసలో ఆయన ఉన్నాడు. అటూ ఇటూ సీట్లు ఖాళీ. నుదుట పట్టీ ఉంది. తెర మీద ఆయన చేతులతో చేసిన పళ్ళెం, మూడు తీగల మీద ఆయన అనుకున్నట్టే వణుకుతూ వస్తోంది. ఆయన దాన్ని చూడటం లేదు. కళ్లు మూసుకుని ఉన్నాడు.

వకుళ పోయి పక్కన కూర్చుంది. ఆయన కళ్లు తెరిచి, ఆమెను చూసి, తప్పుచేస్తూ దొరికిన మనిషిలా పట్టీ తీసేశాడు.

“చూడకుండా ఏం చేస్తున్నారు?” అని అడిగింది.

ఆయన పట్టీని రెండు చేతుల్లో తిప్పాడు. తర్వాత మెల్లిగా చెప్పాడు.

“మా ఊళ్లో అమ్మ పోయినప్పుడు నువ్వు రసశాలలో ఉన్నావు. నీ పని చెడుతుందని రెండు రోజులాగి చెప్పాను. నువ్వు ఏడవలేదు. నెల తిరక్కుండా ఏదో సినిమాలో కొడుకు చచ్చిపోతే ఏడిచావు. ఆ పట్టీ కట్టుకుని మా అమ్మకోసం ఈ హాల్లోనే కూర్చుని ఏడిచాను నేను. నీ ఏడుపుతో.”

వకుళ ఆయన వైపు తిరిగి కూర్చుంది.

“తప్పు పట్టలేదే. నీ పని అది. కాని ఊళ్లో ప్రతివాడికీ నీ నవ్వు తెలుసు, నీ భయం తెలుసు. పక్కింటావిడకి నువ్వు అన్నం తినడం తెలుసు. పట్టీ కట్టుకున్న ప్రతివాణ్ణి చూసీ కుళ్లుకునేవాణ్ణి. ఇంటికొచ్చేటప్పటికి నీ దగ్గర ఇంకేం మిగలదనుకున్నాను. నాకంటూ ఒకటీ లేదనుకున్నాను.” పట్టీని చూపించాడు. “ఇది నా గురించే కదా? మొదటి ఆటలోనే తెలిసింది. తెలిసినా నమ్మకం చాలక రోజూ వస్తున్నాను.”

తెర మీద సైన్సు మేష్టారు నల్లబల్ల దగ్గర ఏదో లెక్క కడుతున్నాడు.

“సినిమా పోవాలనుకున్నాను,” అంది వకుళ. “తెలిసే ఊరుకున్నాను. మీ పని పాడవుతుందని తెలిసే.”

“అదీ తెలిసింది. ఆఖరి అరగంటలో అదే ఉంది,” అన్నాడు భీమశంకరం. “చాలా కోపం వచ్చింది. అయినా మర్నాడు మళ్లీ వచ్చాను.”

ఆమె ఆయన చేతిలోంచి పట్టీ తీసుకుని ఖాళీ సీటు మీద పెట్టింది. అత్తగారు పోయిన రోజు ఏం జరిగిందో చెప్పమంది. ఆయన చెప్పాడు. ఆవిడ పొద్దున్నే కాఫీ అడిగిందనీ, చల్లారిపోయిందని విసుక్కుందనీ, కోడలు ఎప్పుడొస్తుందని రెండుసార్లు అడిగిందనీ. వెనకాల సినిమా నడుస్తోంది. ఎప్పుడో పదకొండేళ్ల కిందటి చావుకు వకుళ అక్కడ కూర్చుని ఏడ్చింది. బాగా ఏడ్చిందని చెప్పడానికి లేదు. ముక్కు కారింది, వెక్కిళ్లు పట్టాయి, మధ్యలో ఆయన మీద విసుక్కుంది, ఆ రోజే ఎందుకు చెప్పలేదని. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూసి ఊరుకున్నారు.

తర్వాతి నెలలో ఆమె ఒకసారి రసశాలకు వెళ్లింది. ఇమ్మానుయేలు తీగలు అతికించాడు. బొమ్మ వేయకముందే యంత్రం రాయడం మొదలుపెట్టింది. ఆగి, మంచినీళ్లు తాగి, మళ్లీ కూర్చుంది. మళ్లీ అంతే. పొద్దున్న ఇంట్లో పడ్డ గొడవా, దాని వెనక చిన్న సంతోషమూ, వాటి వెనక సువర్చలా, అన్నీ ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి. రసగ్రాహికి తుడిచిన పలక కావాలి. మూడోసారి కూడా చూసి అతను తీగలు విప్పేశాడు. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుంటే సర్దుకుంటుందేమో అన్నాడు. సర్దుకోదని ఇద్దరికీ తెలుసు. ఇరవై ఆరేళ్ల పని అక్కడితో అయిపోయింది. ఆమె చెప్పులు వేసుకుని బయటికి వచ్చి, ఎండలో కాసేపు నిలబడింది. బాధగానే ఉంది.

సువర్చల రెండో సినిమాకు పిలిచింది. ఈసారి సముద్రం అడుగునుంచి వచ్చేవాళ్లట. వెళ్లనా అని భీమశంకరం వకుళను అడిగాడు. వెళ్లండి, నాకు ఒళ్లు మండుతుందని తెలిసే వెళ్లండి, అంది. ఆయన వెళ్లాడు. రెండు గంటలకు భోజనానికి వచ్చి, కంచం ముందు కూర్చుని, ఆ పూట జరిగిందంతా చెప్పాడు. సొరచేప రెక్కకు ఏ రేకు వాడాడో, సువర్చల దేనికి ఒప్పుకోలేదో, ఇద్దరూ ఎక్కడ నవ్వారో కూడా. నవ్వారన్న దగ్గర వకుళ చేతిలో గరిటె ఆగింది. ఆయన చూసి మాట ఆపాడు.

“ఆపకండి,” అంది వకుళ పప్పు వడ్డిస్తూ. “తర్వాతేమయింది?”